అర్జీ రాసే యంత్రం

తాలూకా కచేరీల ముందర చెట్టునీడన చిన్న బల్ల వేసుకొని అర్జీలు రాసిపెట్టే గుమాస్తాలను మీలో చాలామంది చూసి ఉంటారు. పట్టా కాగితం కోసమో, వృద్ధాప్య పింఛను కోసమో వచ్చినవారు ఆయన ఎదుట కూర్చుంటారు. గుమాస్తా వెంటనే కలం కదపడు. "ఏ ఊరు? తండ్రి పేరేమి? సర్వే నంబరెంత? ఇంతకుముందు అర్జీ ఇచ్చినారా? ఏ తేదీన?" అని ఒక్కొక్కటే అడుగుతాడు. అన్నీ తెలిసిన తరువాతనే రాయడం మొదలుపెడతాడు. సర్వే నంబరు తెలియదంటే, "ఇంటికి పోయి కాగితం తీసుకొని రాండి" అంటాడే తప్ప, తనకు తోచిన నంబరు వేయడు.

ఆయన చేసే పనిని నేడు కంప్యూటరు కూడా చేయగలుగుతున్నది. ఉత్తరాలు రాసుకొనే వర్డు, లెక్కలు వేసుకొనే ఎక్సెల్ వంటి ఆఫీసు సాఫ్ట్‌వేరులలో కృత్రిమ మేధతో పనిచేసే అసిస్టెంటులు వచ్చి చేరాయి. మైక్రోసాఫ్టు సంస్థ 'కోపైలట్' అనే అసిస్టెంటును 2023 మార్చిలో ప్రకటించి, అదే సంవత్సరం నవంబరులో పెద్ద సంస్థలకు అందించింది. గూగుల్ సంస్థ తన డాక్సు, షీట్సులలో పెట్టిన అసిస్టెంటు 2024 నుండి 'జెమిని' అనే పేరుతో ఉన్నది. ఇటువంటి సాధనాన్ని మొదటిసారి వాడేవారు ఏమి తెలుసుకొని మొదలుపెట్టాలో ఈ పాఠంలో చూద్దాం.

ఆఫీసు సాఫ్ట్‌వేరులో సహాయకుణ్ణి పెట్టాలనే ఆలోచన కొత్తది కాదు. 'ఆఫీసు 97'లో కళ్లున్న కాగితపు క్లిప్పు బొమ్మ ఒకటి తెరమీదికి వచ్చేది. మనం ఉత్తరం ప్రారంభించే సంబోధన టైపు చేయగానే, ఉత్తరం రాయడంలో సాయం కావాలా అని అడిగేది. దానికి తెలిసినవి ఇంజనీర్లు ముందుగా రాసిపెట్టిన కొన్ని నియమాలు మాత్రమే. పిలవకుండా వచ్చి పలకరించే ఆ క్లిప్పును జనం విసుక్కున్నారు. 2007లో వచ్చిన ఆఫీసులో అది లేదు.

నేటి అసిస్టెంటు పనిచేసే విధానం వేరు. దీని వెనుక 'భాషా నమూనా' అనేది ఉంటుంది. పుస్తకాలు, పత్రికలు, ఇంటర్నెట్టులోని పుటలు మొదలైన అపారమైన రాతను ముక్కలు ముక్కలుగా చేసి, ఒక ముక్క తరువాత ఏ ముక్క రావచ్చునో ఊహించేటట్లు యంత్రానికి తర్ఫీదు ఇస్తారు. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన 'ట్రాన్స్‌ఫార్మర్' అనే పద్ధతి ఈ తర్ఫీదును ఎంతో సులభం చేసింది. 'గౌరవనీయులైన' అని ఉంటే తరువాత 'అధికారి గారికి' రావచ్చునని అది ఊహిస్తుంది. 'ఇట్లు' అని ఉంటే 'తమ విధేయుడు' వస్తుందని ఊహిస్తుంది. ఈ విధంగా ముక్క వెంట ముక్క చేర్చుకుంటూ పోతే ఉత్తరం తయారవుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 'ప్రభుత్వ ఉత్తర్వు నంబరు' అనే మాటల తరువాత ఏమి రావాలి? ఒక అంకె రావాలి. యంత్రం అంకె వేస్తుంది. ఆ అంకెగల ఉత్తర్వు నిజంగా ఉన్నదా అని చూడటానికి దాని దగ్గర బీరువా లేదు. అడిగినప్పుడు ఇంటర్నెట్టులో వెదికి, లేదా మన ఫైలు చూసి చెప్పే ఏర్పాటు కొన్నిటిలో ఉన్నది. అప్పుడు తప్పులు తగ్గుతాయి, కాని పూర్తిగా పోవు. చెట్టుకింది గుమాస్తా తెలియనిచోట ఆగి అడుగుతాడు. ఈ యంత్రం చాలాసార్లు ఆగకుండా పూరిస్తుంది. పూరించిన అబద్ధం కూడా నిజమంత చక్కని భాషలోనే ఉంటుంది గనుక, చదివేవారికి అనుమానం రాదు.

అమెరికాలోని న్యూయార్కులో 2023లో ఇదే జరిగింది. విమాన సంస్థపై వేసిన ఒక దావాలో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. వాటిలో ఆరు తీర్పులు అసలు లేనే లేవు. పేర్లు, నంబర్లు, తీర్పులోని వాక్యాలు అన్నీ యంత్రం అల్లినవే. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించాడు. జరిమానా పడినది యంత్రంపై కాదు, న్యాయవాదులపైనే.

ఇక మన పని మొదలుపెడదాం. హోసూరు దగ్గర ఒక ఊరు ఉన్నదనుకోండి. ఆ ఊరి పిల్లలు 46 మంది 5 కిలోమీటర్ల దూరంలోని ఉన్నత పాఠశాలకు బస్సులో పోతారు. బస్సు ఉదయం 8 గంటల 55 నిమిషాలకు ఊరికి రావాలి. అది ఆలస్యంగా వస్తున్నది. కొన్ని దినాలు రావడమే లేదు. పాఠశాలలో గంట 9 గంటల 20 నిమిషాలకు కొడతారు. ఆలస్యమైనవారికి హాజరు పడదు. డిపో మేనేజరుకు అర్జీ పెట్టాలని పిల్లలు నిర్ణయించారు.

ఖాళీ దస్తావేజు తెరిచి, అసిస్టెంటు గుర్తును నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో మనం రాసే ఆదేశాన్ని 'ప్రాంప్టు' అంటారు. ఒక విద్యార్థి, "బస్సు గురించి డిపో మేనేజరుకు ఉత్తరం రాయి" అని రాశాడనుకుందాం. క్షణాలలో పుట నిండుతుంది. 'వందలాది విద్యార్థులు', 'గత అనేక సంవత్సరాలుగా', 'పలుమార్లు విన్నవించుకున్నప్పటికీ' అనే మాటలు అందులో ఉండవచ్చు. చదవడానికి గంభీరంగానే ఉంటుంది. కాని ఆ ఊళ్లో వందలాది విద్యార్థులు లేరు. ఇంతకుముందు ఎవరూ విన్నవించుకోలేదు. డిపో మేనేజరు పాత దస్త్రం తీయించి చూస్తే మొదటి అబద్ధం అక్కడే బయటపడుతుంది. ఆ తరువాత నిజమైన 46 మంది మాటను ఆయన ఎందుకు నమ్మాలి?

ఇప్పుడు ఆదేశాన్ని ఇట్లా మార్చి రాద్దాం: "మేము ఒక గ్రామంలోని 46 మంది విద్యార్థులం. డిపో మేనేజరు గారికి అర్జీ రాయాలి. ఉదయం 8.55కు రావలసిన బస్సు ఆలస్యంగా వస్తున్నది. గంట 9.20కి కొడతారు. బస్సు వేళకు నడపవలసిందిగా కోరాలి. ఇది మా మొదటి అర్జీ. ఒక పుట మించరాదు. మర్యాదగా, సూటిగా ఉండాలి. నేను చెప్పని విషయమేదీ చేర్చవద్దు. తేదీ, బస్సు నంబరు ఉండవలసినచోట ఖాళీ వదులు." చెట్టుకింది గుమాస్తా అడిగే ప్రశ్నలన్నిటికీ ఇందులో ముందే జవాబులున్నాయి. ఎవరు, ఎవరికి, ఏమి జరిగింది, ఏమి కోరుతున్నారు, ఎంత పొడవు, ఏ తీరు, దేన్ని ముట్టరాదు అన్నవి చెప్పాం. "రాయడానికి ముందు నీకు కావలసిన వివరాలు నన్ను అడుగు" అని చివర చేర్చితే మరీ మంచిది. అట్లా చెబితే యంత్రమే ప్రశ్నలు వేస్తుంది.

చిత్తుప్రతి వచ్చిన తరువాత దానిని ఉంచుకోవచ్చు, మళ్లీ రాయించుకోవచ్చు, తీసివేయవచ్చు. ఒక వాక్యం మాత్రమే నచ్చకపోతే దానినే మార్చమనవచ్చు. మీటల పేర్లు, అవి ఉండే చోట్లు తరచు మారుతుంటాయి గనుక వాటిని కంఠస్థం చేయనక్కరలేదు.

అర్జీకి బలం చేకూర్చేది లెక్క. పిల్లలు 24 పనిదినాలపాటు బస్సు వచ్చిన వేళను నోటుపుస్తకంలో రాసుకొన్నారు. దానిని ఎక్సెల్ పట్టికలోకి ఎక్కించారు. నాలుగు దినాలు బస్సు రానే లేదు. తక్కిన 20 దినాలలో ఆలస్యం మొత్తం 640 నిమిషాలు. అంటే బస్సు వచ్చిన దినాలలో సగటు ఆలస్యం 32 నిమిషాలు. మరి బస్సు రాని నాలుగు దినాల గడులలో ఏమి వేయాలి? ఒక పిల్లవాడు సున్న వేశాడనుకోండి. అప్పుడు 640ని 24తో భాగించినట్లవుతుంది. సగటు 27 నిమిషాలకు దిగుతుంది. బస్సు రాని దినాలు లెక్కలో బస్సు వేళకు వచ్చిన దినాలుగా మారిపోయాయన్నమాట! గడులు ఖాళీగా వదిలితే ఎక్సెల్‌లోని సగటు సూత్రం వాటిని పట్టించుకోదు. 32 అనే సరైన సగటు వస్తుంది, కాని నాలుగు దినాల గైరుహాజరు కంటికి కనబడకుండా పోతుంది. కాబట్టి రెండు సంగతులూ విడివిడిగా రాయాలి: వచ్చినప్పుడు సగటున 32 నిమిషాల ఆలస్యం, 24 దినాలలో 4 దినాలు రాలేదు. సున్నకూ ఖాళీకీ గల ఈ భేదం ఆ రోడ్డుమీద నిలబడినవారికి తెలుస్తుంది. ఎవరూ చెప్పకుంటే యంత్రానికి తెలియదు.

ఇటువంటి పనిలో అసిస్టెంటును "సగటు ఎంత?" అని అడగటంకంటె, "సగటు కట్టడానికి సూత్రం రాసిపెట్టు" అని అడగటం మేలు. భాషా నమూనా మాటలను ఊహించేది గనుక లెక్కలో తడబడవచ్చు. సూత్రాన్ని గడిలో ఉంచితే లెక్క వేసేది ఎక్సెల్, అది తడబడదు. సూత్రం సరైనదో కాదో తెలుసుకోవడానికి రెండు మూడు వరుసలు చేత్తో వేసి చూస్తే చాలు. స్లయిడ్లు తయారుచేయడం వంటి పనులూ ఈ అసిస్టెంటులు చేస్తాయి. వాటికీ పద్ధతి ఇదే.

ఇక భాష సంగతి. ఈ అర్జీ ఏ భాషలో ఉండాలి? భారత రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, తన బాధను తెలుపుకోవడానికి ఏ వ్యక్తి అయినా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ ఇచ్చుకోవచ్చు. తెలుగులో రాయడం మన హక్కు. అయితే చదివే అధికారికి తెలుగు రాకపోవచ్చు. తెలుగు ప్రతితోపాటు తమిళ ప్రతి జతచేస్తే పని త్వరగా జరుగుతుంది. కర్ణాటకలో కన్నడం, ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ ప్రతి జతచేయవచ్చు. అసిస్టెంటు అనువాదం చేసిపెడుతుంది. ఆ అనువాదాన్ని సరిచూడగల అర్హత మీకున్నది. రెండు భాషల నడుమ పెరిగినవారికి ఉండే లాభం ఇది. 'అవసరం' అనే మాటనే చూడండి. తెలుగులో దానికి కావలసి ఉండటం అని అర్థం. తమిళంలో, కన్నడంలో తొందర అని అర్థం. 'ఊట' అంటే మనకు నీటి ఊట, కన్నడిగులకు భోజనం. రెండు భాషల మాటలు కలగలిపి మనం ఆదేశం రాస్తే, యంత్రం ఏ అర్థం తీసుకుంటుందో దాని ఇష్టం.

మరొక చిక్కు ఉన్నది. ఇంటర్నెట్టులో ఇంగ్లీషు రాతతో పోలిస్తే తెలుగు రాత చాలా తక్కువ. ఉన్న తెలుగులో పత్రికల భాష ఎక్కువ. మన సరిహద్దు సీమల పలుకుబడి ఇంకా తక్కువ. అందువల్ల యంత్రానికి తెలిసిన తెలుగు ఒక రకానిది. మీ అవ్వ చెప్పిన సంగతిని ఆమె మాటల్లోనే రాసి, "తప్పులు సరిచేయి" అని అడిగి చూడండి. 'వచ్చినాడు' అన్నది 'వచ్చాడు' కావచ్చు. 'సద్ది' 'చద్ది'గా, 'అంగడి' 'దుకాణం'గా మారవచ్చు. వీటిలో ఒక్కటీ తప్పు కాదు. అర్జీలో అందరికీ తెలిసిన భాష వాడటం సబబే. అవ్వ కథలో మాత్రం అవ్వ మాటే ఉండాలి. అక్కడ "అక్షరదోషాలు మాత్రమే చూడు, మాండలికాన్ని మార్చవద్దు" అని ముందే చెప్పాలి. చెప్పినా, మూలాన్ని వేరే ఫైలులో భద్రపరచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. యంత్రం దిద్దిన ప్రతినే మిగిల్చి మూలాన్ని చెరిపివేస్తే, ఆ మాటలను మళ్లీ అడగటానికి అవ్వ అన్నివేళలా ఉండదు.

చివరగా మరో జాగ్రత్త. ఈ అసిస్టెంటులలో ఎక్కువ భాగం మన కంప్యూటరులో పనిచేయవు. మనం రాసినది ఇంటర్నెట్టు ద్వారా ఆ సంస్థల కంప్యూటర్లకు పోయి, జవాబు తిరిగి వస్తుంది. కాబట్టి ఆధార్ నంబరు, ఫోను నంబరు, తోటివారి మార్కులు, ఇతరులు మనకు రాసిన ఉత్తరాలు ఆ పెట్టెలో పెట్టరాదు. విద్యార్థుల వయస్సును బట్టి ఈ సంస్థలు నియమాలు కూడా పెట్టాయి. అందుచేత ఉపాధ్యాయుల అనుమతితో, పాఠశాల ఇచ్చిన ఖాతాలోనే వాడాలి. పైన చెప్పిన అర్జీకి 46 మంది పేర్లు యంత్రానికి అక్కరలేదు. 'విద్యార్థుల సంతకాలు జతచేయడమైనది' అనే వాక్యం చాలు. అర్జీ అచ్చు తీసి, ఖాళీలలో తేదీ, బస్సు నంబరు కలంతో నింపి, ఒకరు బిగ్గరగా చదువుతుండగా తక్కినవారు నోటుపుస్తకంతో సరిచూసి, ఆ తరువాత వేరే కాగితంపై సంతకాలు చేయాలి. ఒక నకలు పాఠశాలలో ఉంచుకొని, రెండవది డిపోలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.