చలికాలమున బ్యాటరీ రక్షణము

అమెరికాలో మిషిగన్ రాష్ట్రమందున్న నా కుమారునికి, కారు వెనుక తగిలించి యీడ్చుకొనిపోవు చక్రముల యిల్లొకటి కలదు. దానిని ట్రైలరందురు. మంచు నెలలలో అది కదలక నిలిచియుండును. ఒక యేడు, "వాడని బ్యాటరీకి ఛార్జి యేల?" యని నేనే వారించితిని. వసంతమున చూడగా దాని పెట్టె పగిలి ఆమ్లము కారియుండెను.

కారణ మిది. సీసపు బ్యాటరీలో శక్తి తగ్గినకొలది గంధకామ్లము ఫలకములలో చేరి, మిగిలిన ద్రవము నీరువలె పలుచనగును. అట్టిది సున్నకు దిగువ 10 సెంటిగ్రేడు డిగ్రీల చలికే గడ్డకట్టి యుబ్బును. నిండు బ్యాటరీ యన్ననో, సున్నకు దిగువ 50 డిగ్రీలనైన నోర్చును.

కావున పూర్తిగా ఛార్జిచేసి, ముందుగా ఋణధ్రువపు తీగను విప్పవలెను. నెల కొకసారి కొలిచి, 12.4 వోల్టులకు తగ్గినచో మరల నింపవలెను. మన ట్రాక్టరు బ్యాటరీకి మంచుభయము లేదు. కాని వట్టిగా నుంచినచో ఫలకములు బిరుసెక్కి చెడును. నిలువయుంచు బ్యాటరీని నింపియే యుంచుడు.