కుక్కపిల్ల పొట్టలో పురుగులు

మా అబ్బాయి ముచ్చటపడి తెచ్చిన కుక్కపిల్లకు పొట్ట ఉబ్బి, ఒళ్లు చిక్కిపోయింది. “దాని మలం చూశారా?” అన్నారు పశువైద్యులు. ముక్కు మూసుకునైనా చూడవలసిందేనట!

ఉడికిన సేమ్యా పోగుల్లా తెల్లగా ఉంటే ఏలికపాములు. బియ్యపుగింజల్లా ఉండి కదిలేవి బద్దెపురుగు ముక్కలు. ఎండితే నువ్వుగింజల్లా కనిపిస్తాయి. నెత్తురు తాగే కొంకిపురుగులు మాత్రం సాధారణంగా కంటికి చిక్కవు. మలం తారులా నల్లబడినా, చిగుళ్లు పాలిపోయినా వాటిని అనుమానించాలి. గుడ్లను పట్టిచ్చేది సూక్ష్మదర్శినే. కనుక, పురుగు కనబడలేదని ధీమా పడక, తాజా మలం కాస్త డబ్బాలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మరో మాట. మట్టిలో కొన్ని వారాలు పక్వమైన ఏలికపాము గుడ్లు పిల్లల నోట పడితే, ఒక్కొక్కప్పుడు కంటిచూపుకే ముప్పు. పెరటి మలాన్ని ఏరోజుకారోజు ఎత్తివేయండి.