పడుగును పేకయు

కోనసీమ యనగానే కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు, రేవు దాటు పడవలు మనస్సునకు తోచును. గౌతమీ వసిష్ఠ శాఖలకు నడుమ, సముద్రపు టొడ్డున నున్న ఈ లంకభూమి పత్తిపంటకు పేరుపడినది కాదు. అయినను ఇచ్చట నేతకు పేరుపొందిన గ్రామములు కలవు. అమలాపురమునకు చేరువనున్న బండారులంక, అంబాజీపేట మండలములోని పుల్లేటికుర్రు, రాజోలు ప్రాంతమున సఖినేటిపల్లి మండలములోని మోరి అట్టివి.

పత్తి పండని చోట వస్త్రము పుట్టుట యెట్లు? ఆ వస్త్రము ఎవరి కష్టఫలము? దాని వెలలో ఎవరికెంత చెందవలెను? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము వెదకినచో చేనేత సహకార సంఘము అనునది ఏల ఏర్పడినదో తెలియును.

వస్త్రమునకు మూలము నూలు. పూర్వము తెలుగునాట ఇంటింట రాట్నముండెను. స్త్రీలు పత్తిని ఏకి, ఏకులు చేసి, నూలు వడికెడివారు. మిల్లులు వచ్చిన పిమ్మట చేతివడుకు క్షీణించెను. 1921లో విజయవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము దేశమున 20 లక్షల రాట్నములు తిరుగునట్లు చేయవలెనని తీర్మానించెను. ఆ ఉద్యమబలమున చేతివడుకు కొన్నిచోట్ల నిలిచినది. శ్రీకాకుళము జిల్లా పొందూరులో నేటికిని వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి శుభ్రపఱచి, సన్నని నూలు వడికి, ఖద్దరు నేయుచున్నారు. అచ్చట వడుకువారును నేయువారును ఒకే సంఘపు నీడన పనిచేయుదురు. కోనసీమ నేతగాండ్రు మాత్రము మిల్లునూలును వాడుదురు. అది లడులుగా బయటి ఊళ్లనుండి వచ్చును.

నూలు ఎంత సన్ననిదో చెప్పుటకు నంబరు అను కొలత కలదు. 840 గజముల నూలు ఒక లడి. అట్టి లడులు ఒక పౌను బరువునకు ఎన్ని తూగునో అదియే ఆ నూలు నంబరు. 80 నంబరు నూలును ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాములు, తీసికొన్నచో అందు 67,200 గజముల దారముండును. అది 61 కిలోమీటర్లకు మించును. అమలాపురము నుండి కాకినాడ వఱకు పఱచినను ఇంచుమించు చాలును. ఇంత సన్నని దారము ఎక్కడ తెగినను వెదకి పట్టి ముడివేయవలెను.

లడి మగ్గమునకు చేరులోపల పెక్కు చేతులు మాఱును. మొదట నూలును తడిపి రంగు వేసి ఆరబెట్టుదురు. అడ్డముగా నేయుటకు కావలసిన నూలును రాట్నముపై త్రిప్పి కండెలకు చుట్టుదురు. ఈ పని తఱచుగా ఇంటి స్త్రీలును వృద్ధులును చేయుదురు. నిలువు పోగులను ఒకే పొడవున వరుసగా పేర్చుటకు ఆసు పోయుట అని పేరు. ఒకచోట నిలువక తిరుగువానిని ఆసులో కండెతో పోల్చుట ఈ పనిని చూచిన కనుల వలననే కలిగినది. 48 అంగుళముల పన్న గల చీరకు అంగుళమునకు 64 పోగుల చొప్పున లెక్కించినచో 3,072 పోగులు కావలెను. ఇట్లు సిద్ధమైన నిలువు పోగుల సముదాయము పడుగు. అడ్డముగా వచ్చునది పేక.

పిమ్మట పడుగునకు గంజి పెట్టవలెను. గంజి లేనిచో మగ్గముపై రాపిడికి పోగులు తెగిపోవును. తెల్లవారుజామున పడుగును వీధి పొడవున సాగదీసి కట్టుదురు. గంజి పట్టించి, పెద్ద కుంచెలతో ఇరువైపుల నుండి దువ్వుదురు. ఎండ ముదిరి గంజి బిరుసెక్కక మునుపే పోగును పోగును విడదీయవలెను. ఇది ఒక్కనివలన అగు పని కాదు. ఇరుగుపొరుగులు వచ్చి చేయి వేయుదురు. నేడు ఒకని పడుగునకు సాయపడినవాడు రేపు తన పడుగునకు సాయము పొందును. దీనికి పత్రము లేదు, సాక్షి లేడు, మాటయే ఆధారము. సహకార సంఘము అను పేరు వినబడక మునుపే నేతవీధిలో సహకారము ఉండెనని దీనివలన గ్రహింపవచ్చును.

తుదకు పడుగు మగ్గమెక్కును. గుంటమగ్గము కడ నేతగాడు గుంట అంచున కూర్చుండి కాళ్లు లోపల నుంచును. కాలితో చెక్క త్రొక్కగా పడుగు రెండు పాయలై విడును. ఆ నడుమ నాడె దూసికొనిపోయి పేకను పఱచును. అచ్చు దానిని దగ్గరకు కొట్టును. అయిదున్నర మీటర్ల చీరకు అంగుళమునకు 64 పేకల చొప్పున నాడె 13,800 మార్లకు పైగా పరుగెత్తవలెను. ఒక్క మారు దెబ్బ బలముగాను మరియొక మారు మెల్లగాను పడినచో ఆ తేడా బట్టలో గీతవలె కనబడును.

ఇంతమంది కష్టపడి నేసిన బట్ట వెల వారికి చేరుటలోనే చిక్కు కలదు. నేతగానికి నేర్పు ఉన్నను రెండు కొఱతలుండెను. నూలు కొనుటకు పెట్టుబడి లేదు. బట్ట అమ్ముడుపోవు వఱకు వేచియుండుటకు వీలు లేదు. ఈ రెంటిని తీర్చువాడెవడో వాని చేతిలోనికే వెలనిర్ణయము పోవుచుండెను.

ఇది క్రొత్తగా వచ్చిన చిక్కు కాదు. 17, 18 శతాబ్దులలో డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు గోదావరి ముఖముల కడ వర్తకస్థానములు నెలకొల్పిరి. యానాము చెంతనున్న ఇంజరములోను, కోనసీమ తీరమునందలి బెండమూర్లంకలోను, నరసాపురము కడనున్న మాధవాయిపాలెములోను ఆంగ్లేయుల స్థావరములుండెను. పేర్లు దగ్గరగా నున్నను బెండమూర్లంక వేఱు, బండారులంక వేఱు. మాధవాయిపాలెము సఖినేటిపల్లి రేవునకు ఎదుటి గట్టున నున్నది. ఆ పేరును ఐరోపావారు మాడపొల్లమని పలికిరి. అదియే ఒక విధమగు మెత్తని నూలుబట్టకు పేరై ఐరోపా భాషల నిఘంటువుల కెక్కెను. ఊరి పేరు సముద్రములు దాటెను గాని ఆ బట్ట నేసినవారి పేరొక్కటియు దానితో పోలేదు. వర్తకులు మధ్యవర్తుల ద్వారా ముందుగా సొమ్మిచ్చి, నేసినది తమకే ఈయవలెనని కట్టడి చేసిరి. 19వ శతాబ్దిలో ఇంగ్లండు మిల్లుబట్టలు వచ్చిపడగా ఆ ఎగుమతియు క్షీణించెను.

కంపెనీ పోయిన పిమ్మట ఊరి షావుకారు ఆ స్థానమునకు వచ్చెను. అతడు నూలిచ్చును, బట్ట తీసికొనును, మజూరీ ఇచ్చును. షావుకారులలో దయగలవారు లేకపోలేదు. కఱవు కాలమున నేతగాని ఇంట పొయ్యి వెలిగించినవారును ఉండిరి. కాని అప్పు తీరునంతవఱకు నేతగాడు మరియొకరి నూలు ముట్టుటకు వీలుండదు. మజూరీ చాలదని పలుకుటకును వెఱచును. ఒక్కనివలన కాని పనిని వీధిలో పదిమంది కలిసి చేయుచున్నప్పుడు, నూలు కొనుటయు బట్ట అమ్ముటయు ఏల కలిసి చేయరాదు? సహకార సంఘము ఈ ప్రశ్నకు సమాధానముగా ఏర్పడినది.

ఇట్టి యాలోచన మిల్లుల పుట్టినింటిలోనే మొలకెత్తుట విశేషము. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844లో 28 మంది శ్రామికులు ఒక సంఘమైరి. వారిలో నేతగాండ్రు ఉండిరి. మనిషికి ఒక పౌను చొప్పున 28 పౌనులు కూర్చి, చిన్న అంగడి తెఱచి, పిండి, వెన్న, పంచదార వంటి సరకులు కల్తీ లేకుండ అమ్మిరి. ఎవని వాటా ఎంతయైనను మనిషికి ఒక్కటే ఓటు అను నియమము వారు పాటించిరి. నేటి సహకారోద్యమమునకు ఆ అంగడియే ఆదర్శమైనది.

మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. అప్పులిచ్చుటయే కాక వస్తువుల తయారీకిని అమ్మకమునకును సంఘములు ఏర్పడుటకు 1912 నాటి చట్టము వీలు కల్పించెను. 1935లో మద్రాసు రాజధానిలో చేనేత సంఘములకు ఒక పైసంఘము ఏర్పడెను. నిడుబ్రోలు వాసియగు ప్రగడ కోటయ్య (1915–1995) తన జీవితమును చేనేతవారి సంఘటనకే వినియోగించి, వారి గోడును చట్టసభలలో వినిపించెను. ఆంధ్రప్రదేశమున 1976లో ఆప్కో అను రాష్ట్ర సంఘము ఏర్పడి, గ్రామసంఘముల బట్టలను కొని తన దుకాణములలో అమ్ముచు వచ్చెను.

గ్రామసంఘము పనిచేయు తీరు సులభముగా తెలియదగినది. నేతగాడు కొంత సొమ్ము చెల్లించి వాటా తీసికొని సభ్యుడగును. సంఘము నూలును, రంగులను ఒక్కమారుగా కొనును. ఒక్కొక్కడు చిల్లరగా కొన్నదానికంటె ఇది చౌక. సభ్యునకు నూలు తూచి ఇచ్చి పుస్తకములో వ్రాయుదురు. అతడు నేసి తెచ్చిన బట్టను మరల తూచి, పొడవును పన్నను కొలిచి, పోగుల ఒత్తు చూచి, మజూరీ చెల్లించుదురు. మజూరీలో కొంత పొదుపుగా నిలువ చేయుదురు. అమ్మకములో మిగిలిన లాభమున కొంత నిధికి చేర్చి, కొంత వాటాల ననుసరించి పంచుదురు. పాలకవర్గమును సభ్యులే ఎన్నుకొందురు. లెక్కలు అడుగు హక్కు ప్రతి సభ్యునకును కలదు. షావుకారు గడపలో చేతులు కట్టుకొని నిలిచినవాడు సంఘపు సభలో కూర్చుండి ఖర్చు ఎట్లయినదని అడుగగలుగుట చిన్న మార్పు కాదు.

అయినను సంఘము పెట్టినంత మాత్రమున కష్టములు తీరలేదు. కోనసీమ పల్లపు నేల. వానకాలమున మగ్గపు గుంటలో నీరూరును. గంజి పెట్టిన పడుగు వీధిలో ఆరదు. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరదయు, 1996 నవంబరు 6వ తేదీన వీచిన తుపానును ఈ సీమనంతటిని కలచివైచినవి. అట్టి వేళల పని నిలిచినచో మజూరీయు నిలుచును. పొదుపు విలువ అప్పుడు తెలియును.

రెండవ కష్టము మరమగ్గము. అది చీరను త్వరగాను చౌకగాను నేయును. కొన్ని రకముల బట్టలను చేనేతకే కేటాయించుచు 1985లో చట్టము చేసిరి. మొదట 22 రకములుండగా తరువాత వానిని 11కు తగ్గించిరి. మరమగ్గపు బట్టను చేనేతయని చెప్పి అమ్మువారును కలరు. దానిని నివారించుటకు 2006లో చేనేత గుర్తు ఏర్పాటైనది. మూడవ కష్టము లోపలిది. బట్ట నిలువ పడి సొమ్ము తిరిగిరానిచో సంఘమునకు నూలు కొను శక్తి తఱుగును. నేయనివారి పేర్లు పుస్తకములో చేరినను, సభ్యులు లెక్క అడుగుట మానినను సంఘము పేరునకే మిగులును. పడుగులో కొన్ని పోగులు సడలినచో మొత్తము బట్ట ముడుతపడును గదా!

ఆలోచింపదగిన విషయము మరియొకటి కలదు. 2019–20లో జరిగిన చేనేత గణన ప్రకారము దేశమున 35 లక్షల మందికి పైగా ఈ వృత్తిలో నున్నారు. వారిలో మూడింట రెండు వంతులకు మించి స్త్రీలు. కండెలు చుట్టుట, ఆసు పోయుట, గంజి కాచుట వంటి పనులు లేనిదే మగ్గము కదలదు. అయినను ఇంటిలో ఒకరి పేరు మాత్రమే సంఘపు పుస్తకములో నుండుట, మజూరీ అంతయు ఆ పేరుననే వ్రాయబడుట పెక్కుచోట్ల కనబడును. కండెలు చుట్టిన తల్లికిని సభ్యత్వమును ఓటును ఉన్నప్పుడే పంపకము న్యాయమైన పంపకమగును. స్త్రీలను సభ్యులుగా చేర్చుకొను సంఘములు ఈ దిక్కున అడుగు వేసినవి.

1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడెను. దాని జ్ఞాపకార్థము 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఆనాడు ఉపన్యాసములు వినుట మంచిదే. దానికంటె మేలైన పని ఒకటి కలదు. బండారులంక చీరయో మోరి చీరయో చేతికి వచ్చినప్పుడు దాని అంచు పట్టి పరిశీలింపవలెను. నూలు తడిపిన చేయి, కండె చుట్టిన చేయి, తెల్లవారుజామున వీధిలో పొరుగువాని పడుగు దువ్విన చేయి, నాడె విసరిన చేయి ఎన్నియో లెక్కింపవలెను. ఆ చీర వెలలో ఆ చేతులన్నిటికిని భాగము చేరుచున్నదా యని అడుగవలెను. అట్లు అడిగి కొనువాడు సంఘపు పుస్తకములో పేరు లేకున్నను ఆ సంఘమునకు మేలు చేసినవాడే యగును.