పిడికెడు బియ్యం

డోర్నకల్ అనగానే మనలో పదిమందిలో తొమ్మిదిమందికి గుర్తుకు వచ్చేది జంక్షను. కొత్తగూడెం పోయే బండి ఇక్కడ చీలుతుంది. బొగ్గు వాగన్లు ఇక్కడ గంటల తరబడి నిలుస్తవి. నైజాం రైలుమార్గం 1889లో బెజవాడను అందుకొన్నప్పటి నుంచీ యీ వూరి ప్రతిష్ఠ అదే. జనగామలో బండి యెక్కి, కాజీపేట దాటి, మానుకోట దాటితే డోర్నకల్ వస్తుంది. (స్టేషను బోర్డుమీద మహబూబాబాదు అని వుంటుంది. టిక్కెట్టు అడిగేవాళ్ళు మాత్రం యీనాటికీ మానుకోట అనే అడుగుతారు.) కిటికీ ప్రక్కన కూర్చున్న ప్రయాణికుడికి టీ గ్లాసు మీద వున్న ధ్యాస వూరి మీద వుండదు.

ఆ వూళ్ళో ఒక చర్చి వున్నది. గుమ్మటాలు చూస్తే మసీదేమో అనిపిస్తుంది. స్తంభాలు చూస్తే దేవాలయ మంటపమేమో అనిపిస్తుంది. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. అంతకుముందు పాతికేళ్ళపాటు డబ్బు వున్నప్పుడు కట్టి, లేనప్పుడు ఆపి, దాన్ని లేపారు. అందులో పడిన సొమ్ములో కొంత, రోజూ పొయ్యిమీద యెసరు పెట్టేముందు ఇల్లాళ్ళు తీసి దాచిన పిడికెడు బియ్యం నుంచి వచ్చిందని అక్కడి పెద్దలు చెప్పుతారు.

నేను చర్చికి వెళ్ళే కుటుంబంలో పుట్టలేదు. జనగామలో ముప్ఫై యేళ్ళు పంతులుగా పనిచేశాను, అంతే. నాతో పనిచేసిన క్రైస్తవ మిత్రుల ఇళ్ళలో భోజనానికి కూర్చున్నప్పుడు, బియ్యపు డబ్బా ప్రక్కన ఇంకొక చిన్న డబ్బా కనిపించేది. అది నిండితే గుడికి వెళ్ళేది. వాళ్ళను “అదేమిటి?” అని అడిగితే “కృతజ్ఞత” అనేవారు. కృతజ్ఞత అనేది మనస్సులో వుండవలసిన వస్తువని నేను అనుకొంటూ వుంటే, వీళ్ళు దాన్ని డబ్బాలో పోసి కొలుస్తున్నారు! అప్పటి నుంచి యీ సంగతి మీద నాకు ఆసక్తి కలిగింది.

సేవ అందుకొన్నవాడు కృతజ్ఞుడై వుండాలని లోకం అంటుంది. మంచిదే. మరి సేవ చేసేవాడి సంగతి యేమిటి? వూరుకాని వూళ్ళో, భాష రాకుండా, పిల్లలు జ్వరంతో మూలుగుతూ వుంటే, ఆ మనిషి దేనికి కృతజ్ఞుడై వుండాలి?

ముందు జనగామ సంగతి చెపుతాను. ప్రెస్టన్ పేరుతో యీ వూళ్ళో వున్న బడిని మా ప్రాంతంలో యెరుగనివారు లేరు. హనుమకొండకూ, జనగామకూ వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనుకు మొదట నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు కేంద్రాలు. 1836లో శామ్యూల్ డే అనే ఆయన తెలుగుదేశంలో పని మొదలుపెట్టాడు. ఏళ్ళు గడిచినా చెప్పుకోతగ్గ ఫలితం కనిపించలేదు. “యీ మిషను మూసేద్దాం” అని అమెరికాలో పెద్దలు ఒకసారి కాదు, పదే పదే తర్కించారు. పటంలో ఒంటరిగా మిగిలిన చుక్క గనుక 1853లో దానికి ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు పడింది. పేరు పెట్టినవాళ్ళు జాలిపడి పెట్టారో, యెగతాళికి పెట్టారో గాని, చివరకు అదే బిరుదై కూర్చున్నది.

తరువాత జాన్ క్లౌ వచ్చాడు. 1876-78 సంవత్సరాల గొప్ప కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టుకు పుచ్చుకొని, ఆకలితో వున్న వేలమందికి కూలి దొరికేటట్టు చేశాడు. తిండి పెట్టిన చేతిని కళ్ళకు అద్దుకొంటూ, మాకు బాప్తిస్మం ఇవ్వండని జనం వచ్చారు. ఆయన ఇవ్వలేదు! సహాయం సాగినంతకాలం ఒక్కరికీ ఇవ్వలేదు. గింజలకోసం వచ్చిన కృతజ్ఞతను పుచ్చుకోవటానికి ఆయనకు మనస్సొప్పలేదు. సహాయం ఆగిపోయిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ వొడ్డున ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్యను మిషను చరిత్రకారులు గొప్పగా చెప్పుకొంటారు. నాకు మాత్రం అంతకుముందు గడచిన నెలలే గొప్పవిగా కనిపిస్తవి.

ఇక డోర్నకల్ విషయం. ఇక్కడికి వచ్చినవాడు దొర కాదు, తమిళుడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో, ఆ పల్లె గురువుగారికి పుట్టాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివాడు గాని పట్టా లేకుండానే బయటికి వచ్చాడు. 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో పరాయి ప్రాంతాలకు సేవకులను పంపుతూ వుండటం చూశాడు. పరాయివాళ్ళ పుణ్యాన మనకు వచ్చినదాన్ని మనం ఇంకొకరికి అందించవద్దా అని ఆయనకు తోచింది. మరుసటి యేడు, 1903 ఫిబ్రవరి 12న, పాళయంకోటలో ఒక సంఘం పెట్టారు. మనుషులు మనవాళ్ళు, సొమ్ము మనది, పెత్తనం మనది అన్నది దాని నియమం. ఆ సంఘం తన పనికి యెంచుకొన్న చోటు నైజాం రాజ్యంలోని డోర్నకల్.

1909లో, ముప్ఫై అయిదేళ్ళ వయస్సులో, ఆయన తానే బయలుదేరి వచ్చాడు. మొదట కాపురం గుడారంలో. చిన్నపిల్లవాడిలాగా తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. తమిళుడికి మన ఒత్తులు యెంత ప్రాణసంకటమో వేరే చెప్పాలా? ఆయన మాట విన్నవాళ్ళు మాల మాదిగ పల్లెలలోని కూలివారు. వూరి బావి వాళ్ళది కాదు, దున్నే నేల వాళ్ళది కాదు, దొరగారి వెట్టికి వేళాపాళా లేదు.

ఆ మరుసటి సంవత్సరం, 1910 జూన్‌లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవాళ్ళలో అత్యధికులు తెల్లవారు. అజరయ్యను మాట్లాడమన్నారు. మామూలుగా అటువంటి సందర్భంలో మనం యేమి మాట్లాడుతాం? మీ మేలు మరువలేము, మీ చలవవల్లనే యింతవారమయ్యాము అని దండం పెట్టి కూర్చుంటాము. ఆయన మేలు మరువలేదు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, యీ దేశపు క్రైస్తవులు దానికి తరతరాలు కృతజ్ఞులై వుంటారు అన్నాడు. అక్కడితో ఆగితే చప్పట్లు మోగేవే. కాని, మా ప్రక్కన కుర్చీ వేసుకొని కూర్చోవటానికి, చెయ్యి కలపటానికి, భోజనానికి పిలవటానికి మీలో చాలామందికి మనస్సు రావటం లేదు, మాకు కావలసింది స్నేహితులు అని కూడా అన్నాడు. సభలో ముఖాలు ముడుచుకొన్నవాళ్ళు లేకపోలేదు.

నేను యీ మనిషి విషయంలో యెక్కువసేపు ఆగటానికి కారణం ఆ ప్రసంగమే. మన ఇళ్ళలో చూడండి. ఎవరో చదువు చెప్పించారనో, వుద్యోగం వేయించారనో జీవితాంతం వాళ్ళ ముందు నోరు మెదపని మనుషులు యెంతమంది లేరు! దాన్ని విశ్వాసమంటాము. అజరయ్య కృతజ్ఞత ఆ జాతిది కాదు. అది దణ్ణమూ పెట్టింది, నిలదీసి అడగనూ అడిగింది.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్పుగా ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. తెల్ల మిషనరీలు కొందరు వద్దన్నారు. అది వూహించదగినదే. తిరునెల్వేలిలో సొంతవాళ్ళు కొందరు కూడా వద్దన్నారు. అది గుచ్చుకొనే ముల్లు. పట్టా లేని యీ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మళ్ళీ ఎడ్లబండి యెక్కి పల్లెలకు వెళ్ళిపోయాడాయన.

ఆ పల్లెలలో ఆయన నాలుగు దయ్యాలను వెళ్ళగొట్టాలనేవాడట: మురికి, రోగం, అప్పు, తాగుడు. మాలలు, మాదిగలు ఒకరి చేతి తిండి ఒకరు తినరు. వాళ్ళను ఒక పంక్తిన కూర్చోబెట్టటం అన్నిటికన్న కష్టమైనది. భజనలు, కోలాటాలు మానవద్దన్నాడు. అన్నిటినీ మించి, ఇవ్వటం నేర్పాడు. యేమీ లేనివాళ్ళకు ఇవ్వటం నేర్పటమేమిటి, క్రూరం గదా అని అప్పుడు కొందరు అన్నారు, ఇప్పుడూ అంటారు. ఆయన సమాధానం పిడికెడు బియ్యం. రోజూ వండేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే పెట్టాలి. కోతల తరువాత పండుగ రోజున వడ్లో, కోడో, గుమ్మడికాయో, యేది పండితే అది తెచ్చి గుడిలో పెట్టాలి. తరతరాలుగా పుచ్చుకోవటమే తప్ప ఇవ్వటం తెలియనివ్వని మనుషుల చేతికి ఇచ్చే హక్కు వచ్చింది.

యీ పద్ధతి డోర్నకల్‌కే పరిమితం కాదు. దేశానికి ఆ చివర మిజోరంలో 1910లో ‘బుహ్‌ఫాయ్ థామ్’ అన్న పేరుతో ఇటువంటి పిడికెటి బియ్యమే మొదలయింది. అక్కడ నేటికీ సంఘానికి అది పెద్ద ఆదాయం. మన హిందూ ఇళ్ళలోనూ మఠాలకో, వేదపాఠశాలలకో పిడికెడు బియ్యం తీసిపెట్టే ఆచారం తెలిసినవారు వున్నారు.

1935 నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండువేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు పనిచేస్తున్నారు. ఆ రోజులలోనే గాంధీగారికీ ఆయనకూ మాట పట్టింపు వచ్చింది. బీదలు యేదో ఆశతో మతం మారుతున్నారని గాంధీగారి అనుమానం. తమకు యేది మేలో తెలుసుకోగల మనస్సు బీదలకూ వుందని అజరయ్య పట్టుదల. (ఇదే అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా చెప్పినవాడు. అంచేత ఆయనను ప్రభుత్వ పక్షంలో కలపటం కుదరదు.) ఆ వాదంలో తీర్పు చెప్పేటంతవాణ్ణి కాను. కాని ఒక ప్రశ్న నన్ను వదలదు: అన్నానికి అమ్ముడుపోయినవాళ్ళయితే, ఆ అన్నంలోంచి రోజూ పిడికెడు యెందుకు తీస్తారు?

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ఆయన పోయాడు. 1919 నుంచి ఆయన పాటుబడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘం 1947 సెప్టెంబరు 27న యేర్పడింది. చూడలేదు పాపం.

పెద్దల సంగతి అలా వుంచండి. చరిత్రలో పేరు లేనివాళ్ళ సంగతి తెలియాలని, నిరుడు మానుకోటలో ఒక వృద్ధ దంపతులను చూడబోయాను. ఆయన ఉపదేశి. 1970లలో భూపాలపల్లి వైపు అడవి పల్లెలలో పనిచేశాడు. ఇప్పుడు అక్కడ బొగ్గు గనులు, కరెంటు కేంద్రం, కాలనీలు వచ్చి, 2016లో జిల్లా కూడా అయింది గాని, ఆ రోజులలో పరకాల దాటితే బస్సును నమ్ముకోవటానికి లేదు. 2023 జూలైలో వూరినే ముంచిన మోరంచవాగును వానాకాలంలో సైకిలు నెత్తిన పెట్టుకొని దాటేవాడట. వాక్యం చెప్పటం ఒక గంట, జాబులు చదివిపెట్టటం, అర్జీలు వ్రాసిపెట్టటం, జ్వరం వచ్చినవాళ్ళను వరంగల్లు ఆసుపత్రికి తీసుకుపోవటం మిగతా రోజంతా. ఒక వూళ్ళో మూడు నెలలు నీళ్ళు తోడుకోనివ్వలేదు. మరొక వూరివాళ్ళు ఇల్లు కట్టిపెట్టారు.

ఆయన అన్నిటికీ “దేవునికి స్తోత్రం” అంటున్నాడు. నీళ్ళివ్వనందుకూ స్తోత్రమే, ఇల్లు కట్టినందుకూ స్తోత్రమే. నాకు కొంచెం విసుగు కలిగిన మాట నిజం. అమ్మగారు గడపలో కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది.

“అమ్మా, మీకెప్పుడూ కోపం రాలేదా?” అన్నాను.

“రాకుంట ఎట్లుంటది సారు? నేనేమన్న రాయినా?” అన్నదామె. “ఒకపారి మూడు నెల్లు జీతం రాలే. ఇంట్ల గింజ లేదు. దేవుని డబ్బాల మాత్రం బియ్యమున్నయ్. అయ్యగారేమో, దేవుని పని చేసెటోళ్ళమే గద, వండుమన్నడు. నేను వండనన్న. ఆ బియ్యం మనయి గావు, ఇచ్చినయి మల్ల గుంజుకుంటమా అన్న. పెద్ద లొల్లయింది. ఆ పూట ఇద్దరం పస్తున్నం.”

ముసలాయన చూపు తిప్పుకొని నవ్వాడు.

“మరి?”

“తెల్లారి పిల్ల ఏడ్చింది. వండిన.” ఆమె గింజ తీసి ప్రక్కన వేసింది. “ఏడ్సుకుంటనే వండిన. పిల్ల తిన్నది. అప్పుడు స్తోత్రం అన్న. అయ్యగారు చెప్తె అన్లే, నాకే వచ్చింది నోట్లకెల్లి. జీతమొచ్చినంక కొలిచి మల్ల పోసిన.”

ఎంత పోశారని అడిగాను. యాభై యేళ్ళ క్రిందటి మాట.

“మూడు సోలలు,” అన్నదామె తడుముకోకుండా.