తెల్ల బెల్టు నుంచి నల్ల బెల్టు దాకా...

ఆదివారం పొద్దున్న ఆరున్నర. ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ ముందు వాకింగ్‌కి వచ్చినవాళ్లు చెమట తుడుచుకుంటున్నారు. కాస్త అవతల, చెట్ల నీడన ఓ పాతికమంది పిల్లలు తెల్లటి దుస్తుల్లో వరసగా నిలబడ్డారు. 'హనా... దుల్... సెత్...' మాస్టారు కొరియన్‌లో ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతున్నారు. ఒక్కో అంకెకీ పాతిక కాళ్లు గాల్లోకి లేస్తున్నాయి.

తార్నాక నుంచి మనవరాలిని వెంటబెట్టుకొచ్చిన ఓ బామ్మగారికి మాత్రం పెద్ద సందేహమే ఉంది. 'ఏడాది కిందట పచ్చ బెల్టు వచ్చిందన్నారు. తర్వాత పరీక్షకని డబ్బులు కట్టించుకుని మళ్లీ పచ్చ బెల్టే ఇచ్చారు. మొన్న ఇంకో పరీక్ష పెట్టి, తప్పిందన్నారు. ఇదేం చదువు నాయనా?'

తప్పు ఆవిడది కాదు, మన తెలుగుది. మొదటిది పసుపుపచ్చ. రెండోది ఆకుపచ్చ. మనకి రెండూ పచ్చే! పైగా మొన్న పాసై ఉంటే వచ్చేది 'గ్రీన్ వన్'. అంటే ఆవిడ లెక్కలో మళ్లీ పచ్చే.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఆ తొమ్మిదేళ్ల పిల్ల నవ్వడం లేదు. తనతోపాటు చేరినవాళ్లంతా ముందు వరసకి వెళ్లిపోయారు. బెల్టు రంగును బట్టే వరస మరి! తను వెనకే మిగిలింది. 'ఇంక రాను' అని వారం రోజులు ఇంట్లో ఒకటే పేచీ.

ఇంతకీ ఆ రంగుకి అంత విలువ ఎందుకు?

జపాన్ నుంచి వచ్చిన అలవాటు

తైక్వాండో కొరియా విద్య. 'తై' అంటే పాదం, 'క్వాన్' అంటే పిడికిలి, 'డో' అంటే మార్గం. ఈ పేరు ఖాయమైంది 1955లో. బెల్టుల పద్ధతి మాత్రం కొరియాలో పుట్టింది కాదు. జపాన్‌లో జూడోని తీర్చిదిద్దిన జిగోరో కానో 1880లలో శిష్యులకు 'డాన్' అనే స్థాయులు ఇవ్వడం, పైస్థాయి వాళ్లకు నల్ల పట్టీ కట్టించడం మొదలుపెట్టారు. ఆయన ఓ స్కూలు మాస్టారు కూడా. తరగతులూ పరీక్షలూ కుస్తీపట్లలోకి రావడంలో వింతేముంది! మధ్యలోని రంగులు ఇంకా తర్వాతివి. 1920, 30ల్లో లండన్, పారిస్ జూడో క్లబ్బుల్లో అవి వాడుకలోకి వచ్చాయి. తెలుపు నుంచి నలుపు దాకా ఏళ్ల తరబడి ఒకే పట్టీతో ఉండాలంటే ఎవరికైనా విసుగే కదా.

1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. జపాన్‌లో చదువుకుంటూ కరాటే నేర్చుకున్న కొరియా యువకులు తిరిగొచ్చి సొంత బడులు పెట్టారు. బెల్టులూ వాళ్లతోపాటే వచ్చాయి.

'నల్ల బెల్టు వేరే ఇచ్చేవాళ్లు కాదు, తెల్ల బెల్టే ఏళ్ల తరబడి ఉతక్కుండా మాసి మాసి నల్లబడేది' అని చాలా క్లాసుల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. చరిత్రలో మాత్రం అందుకు ఆధారం లేదు.

విత్తు, మొలక, ఆకాశం

రంగులకు అర్థం చెప్పిన పెద్దల్లో ముఖ్యుడు జనరల్ చోయ్ హాంగ్ హీ. ఆయన చెప్పింది మన రైతుకి ఇట్టే అర్థమవుతుంది. తెలుపు అంటే ఇంకా ఏమీ తెలియని స్వచ్ఛత. పసుపు నేల రంగు. విత్తు వేరు పట్టే దశ. ఆకుపచ్చ మొలకది. నీలం ఆకాశానిది, మొక్క తలెత్తి చూసే దిక్కు. ఆ తర్వాత ఎరుపు. ఇక్కడితో వ్యవసాయం ఆగిపోతుంది. ఎరుపంటే ప్రమాదం!

ఎవరికి ప్రమాదం? ఎదుటివాడికే అనుకుంటాం. కట్టుకున్నవాడికి కూడా. ఎర్ర బెల్టు నాటికి దెబ్బ కొట్టడం బాగా వచ్చేస్తుంది, ఆపుకోవడం అంత బాగా రాదు. అందుకే అది హెచ్చరిక. వరసలో అన్నిటికంటే అర్థవంతమైన బెల్టు ఇదేననిపిస్తుంది. చివరిది నలుపు. తెలుపుకి పూర్తిగా ఎదురు. చీకటికీ భయానికీ లొంగని పరిణతికి గుర్తు.

రంగుల వరస అన్ని స్కూళ్లలో అచ్చంగా ఒకటే ఉండదు. కొందరు మధ్యలో చారల బెల్టులు కడతారు. మన దగ్గర 'గ్రీన్ వన్', 'బ్లూ వన్' అంటుంటారు. నల్ల బెల్టుకి ముందున్న మెట్లను 'గప్' అంటారు. అంకెలు పై నుంచి కిందికి దిగుతాయి. నల్ల బెల్టు వచ్చాక 'డాన్'లు. ఇవి ఒకటి నుంచి పైకెక్కుతాయి.

నలుపుతో అయిపోలేదు

మనకి బ్లాక్ బెల్ట్ అనగానే 80ల్లో సుమన్, భానుచందర్ కరాటే సినిమాలు గుర్తొస్తాయి. బ్లాక్ బెల్ట్ అంటే ఒక్కడే పదిమందిని పడగొట్టేవాడు! కొరియాలో అలా అనుకోరు. అక్కడ రోజూ క్లాసుకెళ్లే పిల్లలు ఏడాది, ఏడాదిన్నరలోనే మొదటి మెట్టు దాటేస్తారు. మన దగ్గర మూడు నెలలకో పరీక్ష చొప్పున వేసుకున్నా రెండేళ్ల పైమాటే.

యూనివర్సిటీ ఆవరణలో నిలబడి చెప్పుకుంటున్నాం కాబట్టి... ఫస్ట్ డాన్ పీహెచ్‌డీ కాదు, పదో తరగతి పాసవడం లాంటిది. చదవడం, రాయడం వచ్చిందని అర్థం. అసలు చదువు అప్పుడు మొదలవుతుంది. సియోల్‌లోని కుక్కివాన్ 1972లో ప్రారంభమైంది. ప్రపంచమంతటికీ డాన్ సర్టిఫికెట్లు ఇచ్చే కేంద్రం అదే. దాని నిబంధనల ప్రకారం మొదటి డాన్ నుంచి రెండోదానికి ఏడాది, అక్కడి నుంచి మూడోదానికి రెండేళ్లు ఆగాలి. అలా ఆగాల్సిన కాలం పెరుగుతూపోతుంది. తొమ్మిదో డాన్ చేరేసరికి కలిపి 38 ఏళ్లు! పదిహేనేళ్లు నిండని పిల్లలకిచ్చేదాన్ని డాన్ అనరు, 'పూమ్' అంటారు. వాళ్ల బెల్టు సగం ఎరుపు, సగం నలుపు.

38 ఏళ్ల దారికి అడ్డదారి లేదా అంటే, పెద్దవాళ్లకు ఉంది. రష్యా అధ్యక్షుడు పుతిన్‌కి 2013లో గౌరవ తొమ్మిదో డాన్ ఇచ్చారు. ఉక్రెయిన్‌పై దాడితో 2022లో ప్రపంచ తైక్వాండో సమాఖ్య దాన్ని వెనక్కి తీసుకుంది. అమెరికాలో ట్రంప్‌కి 2021లో కుక్కివాన్ అదే గౌరవం అందజేసింది. ఎవరూ కాలెత్తి తన్నిందీ లేదు, పలక విరగ్గొట్టిందీ లేదు.

తల్లిదండ్రులు అడగాల్సింది

బెల్టు మారిన ప్రతిసారీ పరీక్ష ఫీజు, కొత్త బెల్టు, సర్టిఫికెట్. మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న ఖర్చేం కాదు. అందుకే చేర్చేముందే నాలుగు ప్రశ్నలడగడంలో తప్పులేదు. పరీక్షలో ఎవరైనా తప్పుతారా? ఎప్పుడూ ఎవరూ తప్పని చోట కొంచెం ఆలోచించాల్సిందే. సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? మన దేశంలో తైక్వాండో సంఘాలు ఒకటికి మించి ఉన్నాయి, కాబట్టి ఇది అడిగి తీరాలి. కుక్కివాన్ డాన్ సర్టిఫికెట్‌కి నంబరుంటుంది, నిజమో కాదో సరిచూసుకోవచ్చు.

ఇంకో భ్రమ కూడా ఉంది. బ్లాక్ బెల్ట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఇంజినీరింగ్ సీటు వచ్చేస్తుందని! కోటాకి లెక్కలోకి వచ్చేది గుర్తింపున్న పోటీల్లో ఆడిన, గెలిచిన సర్టిఫికెట్లే. బెల్టు రంగు కాదు. సిడ్నీ 2000 నుంచి తైక్వాండో ఒలింపిక్స్‌లో పతకాల క్రీడ. అక్కడా జతలు కలిపేది బరువును బట్టి. ఆటగాళ్లు ఛాతీకి తొడిగే ఎరుపు, నీలం కవచాలకీ బెల్టు రంగులకీ సంబంధమే లేదు.

మళ్లీ మన గ్రీన్ బెల్టు పాప దగ్గరికొద్దాం. తన్నులన్నీ బ్రహ్మాండంగా వేసింది. 'పూమ్సే'లో తప్పింది. ఊహలో ఉన్న ప్రత్యర్థితో వరస తప్పకుండా చేసే కదలికలను పూమ్సే అంటారు. ఎడమకి తిరగాల్సిన చోట కుడికి తిరిగింది. అక్కడ ఆగి, ఏడ్చేసి, మిగతాది చెయ్యలేదు. 'తప్పు తిరిగినందుకు కాదండీ, ఆగిపోయినందుకు ఆపాను' అన్నారు మాస్టారు. 'ఇప్పుడు పంపిస్తే ముందు వరసలో రోజూ ఏడుస్తుంది. మళ్లీ పరీక్షకి ఫీజు తీసుకోను.' ఆ చివరి మాటకి బామ్మగారి ముఖం కాస్త విప్పారింది.

క్లాసయిపోయింది. పాప బెల్టు విప్పి, మడతపెట్టి బామ్మ చేతికిచ్చింది. అంచులు బాగా మాశాయి. 'దీన్ని ఉతకొచ్చా? ఉతికితే విద్య పోతుందంటోంది ఇది' అని అడిగారావిడ.

మాస్టారు నవ్వి, 'విద్య పోదమ్మా, రంగు పోతుంది. మిషన్‌లో వెయ్యకుండా చల్లనీళ్లలో విడిగా ఉతికి నీడన ఆరెయ్యండి. పోయినసారి ఒకాయన తెల్ల బట్టలతో కలిపి వేశాడు. పిల్లాడు ఆకుపచ్చ యూనిఫామ్‌లో వచ్చాడు' అన్నారు.