ఫొటో బరువు తగ్గించండి.. ఛాన్స్‌కి దారివ్వండి!

ఒకప్పుడు సినిమాల్లో వేషం అడగాలంటే చంకలో ఆల్బమ్ ఉండాల్సిందే. కృష్ణానగర్ రూముల్లో పొద్దున్నే తయారై, స్టూడియోలో దిగిన పెద్ద సైజు ఫొటోలు సర్దుకుని, జూబ్లీహిల్స్ ఎత్తులెక్కి ఆఫీసు ఆఫీసూ తిరిగేవాళ్లు. ఇప్పుడు ఆ ఆల్బమ్ ఫోన్‌లోకి వచ్చేసింది. ఫిలింనగర్ మొహం చూడకుండానే శ్రీకాకుళం నుంచైనా, ఆదిలాబాద్ నుంచైనా ఫొటోలు పంపేయొచ్చు. బాగానే ఉంది. కానీ పంపిన ఫొటో అవతలివాళ్ల దగ్గర తెరుచుకుంటోందా?

నేను ఫిలింనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో అసిస్టెంట్ డైరెక్టర్‌ని. కొత్త ముఖాలు కావాలని ప్రకటన ఇచ్చిన ప్రతిసారీ మెయిల్, వాట్సాప్ చూసే డ్యూటీ నాదే. వచ్చినవాటిలో చాలా ఫొటోలు నటన సంగతి తేలకముందే పక్కకి పోతాయి. కారణం అందమో, రంగో కాదండీ. సైజు!

మొన్నామధ్య గోదావరి జిల్లా నుంచి ఒకమ్మాయి ఫొటోలు పంపింది. హీరో చెల్లెలి పాత్రకి. తను రాసిన నాలుగు లైన్ల పరిచయం చూడగానే పిలవాలనిపించింది. ఫొటోలేమో పెద్దవి. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్లు 25 ఎంబీ దాటితే అవి డ్రైవ్ లింకుగా మారిపోతాయి కదా, అలాగే వచ్చాయి. నొక్కితే 'పర్మిషన్ అడగండి' అంది. అడిగాం. ఆ పిల్ల ఆ టైములో బస్సులో ఉందట, సిగ్నల్ లేదట. పర్మిషన్ వచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. సాయంత్రం ఆరింటికే డైరెక్టర్ గారు వేరే అమ్మాయిని ఓకే చేసేశారు. పాపం, ఆ అమ్మాయి ముఖం పోటీలోకే రాలేదు.

అసలు అంత బరువెందుకు?

మామూలు 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు. మొత్తం 1.2 కోట్ల పిక్సెల్స్. మన ఊరి థియేటర్లో 2కే ప్రొజెక్టర్ వేసే ఫ్రేమ్ ఎంతో తెలుసా? 2048×1080. అంటే దాదాపు 22 లక్షలే. హీరో ఎంట్రీకి అంత పెద్ద తెర మీద ఈలలేయించే బొమ్మ కన్నా మీ సెల్ఫీలో ఐదు రెట్లు ఎక్కువ పిక్సెల్స్ ఉన్నాయన్నమాట! దాన్ని మేం చూసేది అరచేతిలో ఫోన్ మీద. ఎక్కువైనవన్నీ డేటాకి, టైముకి దండగ.

అదే ఫొటోని 1600×1200కి తగ్గిస్తే 19 లక్షల పిక్సెల్స్ అవుతుంది. అంటే ఆరో వంతు కూడా ఉండదు. నాలుగైదు ఎంబీల ఫైలు సాధారణంగా అర ఎంబీకి అటూ ఇటూగా దిగుతుంది. ఫోన్‌లో చూస్తే తేడా కనిపెట్టడం కష్టం.

మూడూ ఒకటి కాదు

క్రాప్ అంటే అంచులు కోసేయడం. రీసైజ్ అంటే బొమ్మంతా ఉంచి పిక్సెల్స్ తగ్గించడం. కంప్రెస్ అంటే పిక్సెల్స్ అన్నే ఉంచి, కంటికి పెద్దగా తెలియని వివరాలు వదిలేసి ఫైలు బరువు తగ్గించడం. జేపీజీ చేసేది ఈ మూడోదే. ముందు అక్కర్లేనిది క్రాప్ చేయండి, తర్వాత రీసైజ్, చివర్లో క్వాలిటీ 80 దగ్గర పెట్టి సేవ్ చేయండి. అంతే.

రెండు జాగ్రత్తలు. పొడవు, వెడల్పుల మధ్య తాళం గుర్తు ఉంటే దాన్ని తీయొద్దు. తీస్తే ముఖం సాగిపోయి గుమ్మడికాయలా వస్తుంది. ఇక, జేపీజీని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత క్వాలిటీ పోతుంది. కాబట్టి ఒరిజినల్‌ని కదపకుండా, ఎప్పుడూ కాపీ మీదే పని చేయండి. ఒకసారి చిన్నదైన ఫొటోని మళ్లీ పెద్దది చేస్తే పోయిన వివరాలు తిరిగి రావు.

ఫోన్‌లోనే చేసేయండిలా

శాంసంగ్ గ్యాలరీలో ఫొటో తెరిచి, ఎడిట్ నొక్కి, మూడు చుక్కల్లోకి వెళ్తే 'రీసైజ్' కనిపిస్తుంది. ఐఫోన్‌లో మెయిల్ యాప్ నుంచి పంపితే చిన్నదా, మధ్యదా, పెద్దదా అని అదే అడుగుతుంది. షార్ట్‌కట్స్ యాప్‌లో 'రీసైజ్ ఇమేజ్' అని కూడా ఉంది.

ఏ ఫోనైనా సరే, బ్రౌజర్‌లో గూగుల్ వాళ్ల 'స్క్వూష్' తెరవండి. పాత, కొత్త ఫొటోలు పక్కపక్కనే కనిపిస్తాయి. గీత జరుపుతూ తేడా చూసుకోవచ్చు. పని మీ ఫోన్‌లోనే జరుగుతుంది, ఫొటో ఎవరి సర్వర్‌కీ పోదు. కంప్యూటర్ ఉంటే విండోస్ పెయింట్‌లో 'రీసైజ్', మ్యాక్ ప్రివ్యూలో 'అడ్జస్ట్ సైజ్' చాలు. దీనికోసం డబ్బులు కట్టి యాప్ కొనక్కర్లేదు.

ఐఫోన్ వాళ్లకి ఇంకో మాట. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫొటోల్ని హెచ్‌ఈఐసీ రకంలో దాస్తున్నాయి. అది కొన్ని పాత కంప్యూటర్లలో తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌కి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకుంటే ఆ తర్వాత తీసేవి జేపీజీలో వస్తాయి.

ఎక్కడికి ఎంత?

సినిమా ఆఫీసు మెయిల్‌కి: పొడవైన వైపు 1600 పిక్సెల్స్ చాలు. క్లోజప్, నడుము దాకా, నిలువెత్తు, పక్క నుంచి.. ఈ నాలుగూ ఫిల్టర్ లేకుండా పంపండి. అన్నీ కలిపి రెండు మూడు ఎంబీల్లో అయిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌కి: వెడల్పు 1080. నిలువు పోస్టుకి 1080×1350.

వాట్సాప్‌కి: మామూలుగా పంపితే అదే కుదించేస్తుంది. 2023 ఆగస్టులో 'హెచ్‌డీ' ఆప్షన్ వచ్చింది, పంపేముందు పైన నొక్కాలి. ఒరిజినల్ ఉన్నదున్నట్టు వెళ్లాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. ప్రింట్ కోసం అడిగితే మాత్రం ఒరిజినలే ఇవ్వండి. 8×10 అంగుళాల ప్రింట్ స్పష్టంగా రావాలంటే 2400×3000 పిక్సెల్స్ కావాలి.

సినిమా పిచ్చి లేనివాళ్లకీ ఇది పనికొస్తుంది. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల దరఖాస్తులో ఫొటో 200×230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండమంటారు. అమెరికా వీసా డీఎస్-160 ఫారంలో 600×600 నుంచి 1200×1200 దాకా చతురస్రం, 240 కేబీ మించకూడదు. ఆఖరి రోజు రాత్రి పదకొండున్నరకి నెట్ సెంటర్ తలుపు కొట్టే బదులు ముందే చేసి పెట్టుకోవడం నయం కదా!

అమ్మాయిలూ, అబ్బాయిలూ.. ఇది వినండి

కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, ఫొటో తీసిన చోటు ఫైల్లో దాగి ఉంటుంది. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ ఆ వివరాలు తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే అవీ వెళ్లిపోతాయి. హాస్టల్ రూములో తీసుకున్న ఫొటో ముక్కూమొహం తెలియనివాడికి పంపితే, మీ అడ్రస్ చేతిలో పెట్టినట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన 'ఆప్షన్స్'లో కూడా తీసేయొచ్చు.

ఇంకోటి. 'పోర్ట్‌ఫోలియో ఫీజు' అంటూ డబ్బులడిగినా, ఇబ్బందికరమైన ఫొటోలు అడిగినా అక్కడితో ఆపేయండి. వేషం ఇచ్చేవాళ్లు మీకు డబ్బివ్వాలి గానీ, మీ దగ్గర తీసుకోకూడదు. ఇంట్లో ఎవరికైనా చెప్పండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈ ఆదివారం ఓ అరగంట కేటాయించండి. ఫోన్‌లో రెండు ఫోల్డర్లు చేయండి. ఒకదాంట్లో ఒరిజినల్స్, రెండోదాంట్లో తగ్గించినవి. తగ్గించిన ఫైలుకి మీ పేరు, వయసు, ఎత్తు, ఊరు పేరుగా పెట్టండి. ఐఎంజీ అంకెల పేర్లతో వచ్చే వందల ఫొటోల్లో మిమ్మల్ని వెతకడం మాకు చచ్చే చావు. ప్రకటన కనిపించిన నిమిషంలోనే పంపేయగలిగితే, మిగతాది మీ టాలెంట్ చూసుకుంటుంది. ఆల్ ది బెస్ట్!