బియ్యము – గడ్డి

ఒకే వరిమొక్క మనకు బియ్యమును, పశువులకు గడ్డిని ఇచ్చుచున్నది. బియ్యములోని పిండిపదార్థమును, గడ్డిలోని సెల్యులోజును గ్లూకోజు అను చక్కెర అణువుల గొలుసులే. ఒక్కొక్క గ్లూకోజు అణువున 6 కర్బన, 12 ఉదజని, 6 ఆమ్లజని పరమాణువులు గలవు.

మరి భేదమెక్కడ? కూర్పునందే. పిండిలో అణువులన్నియు ఒకే వైపునకు తిరిగియుండును. గొలుసు మెలికలు పడును. సెల్యులోజులో ఒకటి విడిచి యొకటి తలక్రిందులై యుండును. గొలుసులు తిన్నగా సాగి, ప్రక్కప్రక్కన చేరి గట్టిపడును. మన లాలాజలములోని ఎంజైము మొదటి కూర్పును విడదీయగలదు. రెండవదానిని విడదీయు ఎంజైము మన శరీరమున లేదు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులకు కలదు. కావుననే గడ్డివాము చెంతనున్నను మనుష్యుని ఆకలి తీరదు. ఆవు ఆ గడ్డినే మేసి పాలిచ్చును.

పరమాణువు లెన్ని యనుటయే కాదు, అవి యెట్లు కూడియున్నవో తెలిసికొనుటయు కర్బన రసాయనశాస్త్రమున ముఖ్యము.